నెల చీటీ

మండీలో బెల్లం తూచే చేతులు నావి.
పదకొండేళ్లుగా చక్కెర నా నెత్తురులో తూగతాంది.
నవ్వుకోండి. మా హమాలీలు రోజూ నవ్వతారు.

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, సైకిల్ షాపు పైన,
ఒకప్పుడు టైలరు కొట్టుగా ఉన్న గది.
గుణవతి డాక్టరమ్మ ఒక్కతే.
నర్సు లేదు, టోకెను లేదు.
ఫోను మోగితే ఆమే ఎత్తాల,
తలుపు తడితే ఆమే తియ్యాల.
టైలరు వదిలేసిపోయిన నిలువుటద్దం మాత్రం
గోడకు అట్లనే ఉండాది.

నెలకు మూడు వందలు.
వచ్చినా అంతే, రాకపోయినా అంతే.
"జబ్బు చెయ్యని నెలకు కూడా కట్టేదేందిరా?"
అన్నాడు మా రైటరు రెడ్డెప్ప.
నేనూ అదే అడిగినా, మొదటి రోజు.
ఆమె కళ్లజోడు తుడుచుకుంటా చెప్పింది:
"నువ్వు పడిపోతే ఆస్పత్రికి లాభం.
నిలబడితే నాకు."
మండీ మనిషిని కదా,
లెక్క అర్థమయ్యేదానికి ఎంతసేపు.

చీటీలు కట్టడం మాకు కొత్త కాదు.
మొదటి నెలలోనే పాడుకోవాలని తోసుకుంటాం.
ఇది మాత్రం ఎవరూ పాడుకోని చీటీ.
కట్టతా కట్టతా ఉండి
ఎత్తుకోకుండానే పోయినోడిదే అదృష్టం.

రెండు పూటలు పస్తుండి, రైలు స్టేషను దాకా నడిచి,
పరీక్ష ముందు రోజు మంచోడిగా ఉండి
తెచ్చిన కాగితం పక్కన పెట్టేసింది.
"మూడు నెలల సరాసరి తీయించుకోనిరా, దొరస్వామీ.
ఒక రోజు ధర నమ్మి బండి తోలుకొచ్చే రైతు గతేందో
నీకు నేను చెప్పాలా?"
తొమ్మిదిన్నర వచ్చింది.
"నాణ్యం చూసేదానికి రోజుకెన్నిసార్లు
గిల్లి నోట్లో వేసుకుంటావు?"
వేలూరులో కూడా అడగలే ఎవరూ.
లెక్కపెట్టినా. రెండు చేతుల వేళ్లూ చాలలే.
ఇప్పుడు కంటితో చూసి గోటితో గీరి
రుచి రెడ్డెప్ప నాలుకకు వదిలేసినా.

పూలమ్మే కుప్పమ్మ ఇంట్లో ఫ్రిజ్జు లేదు.
తడి ఇసుక కుండలో, మల్లెమొగ్గల పక్కనే
ఇన్సులిన్ సీసా.
ఇసుక ఎంత తడిగా ఉండాలో డాక్టరమ్మే పోయి
చేత్తో పట్టి చూపించిందంట.
రాత్రి తొమ్మిది దాటితే
ప్రాణం మీదికొస్తేనే ఫోను, అని గోడకు రాసి పెట్టింది.
రిటైరైన కండక్టరు చెంగల్రాయులుకు
రోజూ తొమ్మిదింబావుకే ప్రాణం మీదికొస్తుంది.

ఆడికృత్తిక వారంలో తలుపుకు అట్టముక్క:
"నాకు జ్వరం. ఫోనుకు పలుకుతా."
"ఎన్ని డిగ్రీలు? నీళ్లు తాగతాండావా?
మాత్ర తిన్న టైము రాసిపెట్టుకో మా!"
కుప్పమ్మ గద్దించింది,
అచ్చం ఆమె గొంతుతోనే.
ఇంతమందిమి ఒక్క మనిషి మీద ఆనుకుంటే
ఆ మనిషి ఆనుకునేదానికి ఏముండాదని
ఆ రాత్రే మొదటిసారి అనుకున్నా.

నిన్న అద్దం ముందు కూర్చోబెట్టి
పాదం ఎత్తమనింది.
నైలాను దారంతో అరికాలు తాకతా,
"కళ్లు మూసుకో, తెలిస్తే చెప్పు."
తెలిసింది. తెలిసింది. తెలిసింది.
ఆ తర్వాత
కింద సైకిల్ షాపు సుత్తి చప్పుడు ఒక్కటే.
కళ్లు తెరిస్తే
దారం నా బొటనవేలి కిందే వంగి ఉండాది.
దిమ్మె చేతిలోకి తీసుకుంటే
వంద గ్రాముల తేడా పట్టే మనిషిని.

ఆమె అయ్యో అనలే.
పుస్తకంలో పాదం బొమ్మ గీసి
మూడు చోట్ల చుక్క పెట్టింది.
"పదిట్లో ఏడు ఉండాయి. ఈ ఏడూ పోగొట్టుకోవద్దు."
బెల్లం అన్నంతో సమానం,
చెప్పులతో తొక్కేది లేదమ్మా, అన్నా.
కాసేపు ఆలోచించి,
"గుడ్డ బూట్లు కొనుక్కో. మండీ గడప దాటనీకుండా అక్కడే పెట్టు.
రోజూ ఉతుకు."

ఇప్పుడు
మా ఆవిడ బొట్టు పెట్టుకునే అద్దం
నేల మీద పెట్టి అరికాలు చూసుకుంటాండా.
పగులు ఒకటి. అంతకుముందు ఎన్నడూ చూడలే.
మూడు వందలు మడిచి చొక్కా జేబులో పెట్టినా.
రేపు ఒకటో తేదీ.